ఘాటు సోకని గొంతు

ఫాల్గుణమాసపు మధ్యాహ్నమున గుంటూరు మిరపయార్డు చెంతనున్న పేట ప్రచండమార్తాండకిరణసంతప్తమై కాగుచుండ పర్వతశిఖరములవలె ప్రోవులైన మిరపరాసులనుండి లేచిన అరుణధూళి గాలినెక్కి గవాక్షములందును గొంతులందును అడ్డులేక చొరబడుచుండెను. అచ్చటివారికి తుమ్ము పలుకరింపు, దగ్గు ప్రతివచనము.

ఆ పేటలో నలువది యేండ్లు బస్తాలు మోసిన చినపుల్లయ్య దగ్గు మూడిండ్ల కావల వినబడుచుండెడిది. పక్షవాతము సోకి ఆసుపత్రిలో కొన్నినాళ్లుండి ఇల్లు చేరిన నాటినుండి ఆ దగ్గు మాయమయ్యెను. అన్నదమ్ములనిద్దరిని పెద్దకూతురిని కాటికి సాగనంపి ఇంక నెవ్వరిని సాగనంపజాలనని దినమెల్ల గుబులుపడు ఆయన భార్య వెంగమాంబకు ఆ నిశ్శబ్దము దైవదత్తవరముగ తోచెను. పన్నెండు దినములుగా ఆమె తన చేతితో జావ త్రాగించుచుండ ఆయనకు ఒక్కమారైనను పొలమారలేదు. అయినను మూడుదినములనుండి జ్వరము విడువక రొమ్ము గురగురలాడుచుండుటచే ఇది దృష్టిదోషమేయని నిశ్చయించి ఉప్పును ఎండుమిరపకాయలును భర్త తలచుట్టు ముమ్మారు త్రిప్పి కుంపటిలో వైచెను. ఆ పొగకు రోగికి దగ్గు రాకున్న దృష్టి దిగినట్లని అచ్చటివారి నమ్మకము.

పొగ గది నిండెను. వెంగమాంబ వంగిపోయి దగ్గెను. చిన్నకూతురు అంకమ్మ తుమ్ములతో వాకిటికి పరుగెత్తెను. చినపుల్లయ్య మాత్రము తపోనిష్ఠుడైన మునివలె కదలక చూచుచుండెను.

“చూడవే అంకమ్మా, మనం చస్తన్నాం, మీ నాయనకి చీమ కుట్టినట్టన్నా లేదు. దిష్టి మొత్తం దిగింది,” అని ఆమె కొంగుతో కన్నులొత్తుకొనుచు నవ్వెను.

జ్వరవార్త విని వచ్చిన పేట నర్సు సలోమి అప్పుడే గుమ్మమున నిలిచి దగ్గుచు మంచమువంక చూచి నిశ్చేష్టయయ్యెను.

“ఇంత పొగకి ఈయన దగ్గలేదా పెద్దమ్మా?”

“లేదమ్మా. నీకన్నా గట్టోడు.”

సలోమి కుంపటిని వెలుపల బెట్టించి దూదిపుల్లతో రోగి గొంతు వెనుకభాగమును తాకెను. కంఠము చలింపలేదు.

“మెడ పైన మెదడు మొదట్లో ఒక కావలి ఉంటది పెద్దమ్మా. ముక్కులో నలుసు పడితే తుమ్మించేది, గొంతులో మెతుకు దోవ తప్పితే దగ్గించేది అదే. మనం చెప్పక్కర్లా. పక్షవాతం పోటు దానికే తగిలింది. నువ్వు పోసే జావ కొంత ఊపిరితిత్తుల్లోకి పోతా ఉంది.”

“మరి ఒక్కసారన్నా పొలమారలేదే.”

“పొలమారాల్సింది.”

వెంగమాంబ తన కుడిచేతిని పరాయిదానివలె చూచుకొనెను. వాత్సల్యముతో ఊది చల్లార్చి అందించిన ప్రతి చెంచాయు కావలివాడు కూలిన కోటలోనికి శత్రువువలె జొరబడినది. ఎవ్వనిని పోనీయరాదని రేయింబవళ్లు కాచియుండెనో వానినే ఆ చేయి పూటపూటకు సాగనంపుచుండెను.

“ఆటో పిలువు,” అని మాత్రము కూతురితో ననెను.

పెద్దాసుపత్రిలో ఆయనకు ముక్కున గొట్టము వైచి ఆహారము పోసిరి. నోటికి నీటిచుక్కయు నిషిద్ధమయ్యెను. ఒకటి రెండు రాత్రులు వైద్యులు ఆమెతో కన్ను కలిపి మాటలాడలేదు. జ్వరము తగ్గుటకే వారము పట్టెను. పదునొకండవనాటి ప్రొద్దున నోరు తుడుచుచుండగా చినపుల్లయ్య కంఠమునుండి ఎండుటాకు నలిగినట్లు సన్నని దగ్గొకటి వెడలెను. పిదప మరియొకటి. ప్రక్కమంచపు రోగి విసుగుతో మొగము త్రిప్పుకొనెను.

వెంగమాంబ పురిటిగది వెలుపల పసికందు తొలియేడుపు విన్న ముదుసలివలె గోడనానుకొని కూలబడి చేతులు జోడించి “ఇంకొక్కసారి దగ్గవయ్యా,” అని బ్రతిమాలుచుండెను.