కుక్కలకు నూనె పట్టే సోమక్క

ఇనుప గంటెలో నువ్వుల నూనె వేడెక్కింది. సోమక్క చిటికెనవేలు ముంచి, మణికట్టు లోపలివైపు రాసుకుని చూసింది. పసిపిల్లలకైతే ఈ వేడి సరిపోతుంది. కుక్క ఎంత వేడి ఓర్చుకుంటుందో ఆమెకు ఇప్పటికీ సరిగా తెలియదు. పొయ్యి ఆపి, గంటెను ఊదుతూ కూర్చుంది.

ఫోన్ మోగింది. జనగామ నుంచి కూతురు భాగ్య.

"ఇయ్యాల అడుగుతవా, లేదా?"

"అడుగుత బిడ్డా."

"నిన్న గూడ గట్లనే అన్నవ్. ఫిరీగ నెల చేస్తమన్నం, నెల ఒడ్సింది. ఒక్క ఇల్లన్న పైసలిస్తమంటే ఆడనే ఉండు, నేనేమనను. లేకుంటే సంచి సర్దుకో. ఈడ హాస్టల్ల గిన్నెలు తోమే పని రేపటిదాంక ఆపిండ్రు నీకోసం."

"అడుగుత అన్న గదనే."

భూపాలపల్లి గని క్వార్టర్లలో ఆమె కాళ్ల మీద నీళ్లు పోయించుకోని పిల్లలు తక్కువ. నేల మీద కూర్చుని కాళ్లు చాపి, పసిగుడ్డును పిక్కల మీద పడుకోబెట్టి, నూనె పట్టించి, ముక్కు సాగదీసి, తల గుండ్రంగా ఒత్తి, సాంబ్రాణి పొగ వేసి తల్లి చేతికిచ్చేది. ఆమె పాదాలు పగిలి ఉంటాయి గానీ అరచేతులు మాత్రం నూనె తాగి తాగి చంటిపిల్లల చెంపల్లా ఉంటాయి. ఇప్పుడు కాన్పులన్నీ దవాఖానలోనే. నూనె వద్దని అక్కడే చెప్పి పంపుతున్నారు. పట్నంలో కుక్కలకు మర్దన చేసి సంపాదిస్తున్నారని భాగ్య ఫోన్‌లో వీడియో చూసింది. క్వార్టర్ల వాట్సాప్ గ్రూపులో, మొదటి నెల ఉచితమని రాసి అమ్మ ఫోన్ నంబరు పెట్టింది. మూడిళ్లవాళ్లు పిలిచారు. ఒకరు సోఫాకు నూనె అంటిందని మర్నాడే వద్దన్నారు.

మిగిలినవి రెండిళ్లు. పని సోమక్కకు కష్టం కాదు, అడగడమే కష్టం. పసిబిడ్డకు నీళ్లు పోసినందుకు ఇంత అని ఎవరూ బేరం చేయరు. ఇరవై ఒకటో రోజున ఆ ఇంటివాళ్లే చాటలో బియ్యం, చీర, పైన తోచినంత డబ్బు పెట్టి ఇస్తారు. నోరు తెరిచి అడిగితే బిడ్డకు అచ్చిరాదని పని నేర్పిన అత్త చెప్పింది. కుక్కకు ఇరవై ఒకటో రోజు ఉండదని సోమక్కకు తెలుసు. అయినా ఆ రోజున ఉతికిన చీర కట్టుకుని, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని పోయింది. రెండిళ్లలోనూ ఎప్పటిలాగే చాయ్ ఇచ్చారు.

కాంట్రాక్టరు భార్య శారద ఇంట్లో, వరండాలో, వాళ్ల కుక్క బ్రూనో సోమక్క కాళ్ల మీద సగమే పట్టింది. మిగతా సగం నేల మీద. వెన్ను పొడవునా బొటనవేళ్లతో ఒత్తుతుంటే అది కళ్లు మూసుకుని గుర్రుమంది.

"సోమక్కా, ముక్కు గుంజకు. గది మొదలే పొడుగున్నది." శారద నవ్వింది.

సోమక్క గబుక్కున చేయి తీసేసింది. నూనె చేతులు కొంగుకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"శారదమ్మా, నెల ఒడ్సింది."

"ఏం నెల?"

"గదే, ఫిరీ నెల. ఇగ మీదట ఏమన్న... జర నెలకింతని..."

శారద ఫోన్ లోంచి తలెత్తింది. ఆమె ముఖంలో కోపం లేదు, వింత మాత్రమే ఉంది. "కుక్కను నిమిరినందుకు పైసలా అక్కా? మా ఆయన ఇంటే, మరి నా నడుము ఎవలొత్తాలె అంటడు." మళ్లీ నవ్వింది. "చాయ్ తాగు. పండుగకు మంచి చీర పెడ్త తీ."

చాయ్ తాగకపోతే కోపమొచ్చిందనుకుంటారని, నాలుక కాలుతున్నా తాగేసి లేచింది.

బొగ్గు లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్న రోడ్డు అంచున నడుస్తుంటే ఆమెకు భయంగా ఉంది. శారద కాదన్నందుకు కాదు. పుట్టి ఇన్నేళ్లకు మొదటిసారి నోరు తెరిచి అడిగింది. ఇక ఒక్క ఇల్లే ఉంది. తిరుపతన్న కూడా నవ్వితే?

తిరుపతి రిటైరైన గని కార్మికుడు. ఆయన కుక్క జిమ్మి వీధికుక్కే. డ్యూటీకి పోతే వెంట పోయి, ఆయన గనిలోంచి పైకి వచ్చేదాకా గేటు దగ్గరే పడుకునేది. ముసలిదై వెనక కాళ్లు బిగుసుకుపోయాయి. సోమక్క నూనె పట్టించడం మొదలుపెట్టాక, మొన్న వీధి చివరి దాకా నడిచి వచ్చింది. "నీ చేతుల ఏదో ఉన్నదక్కా" అన్నాడు తిరుపతి. ఆ మాట పట్టుకునే ఆమె ఇన్నాళ్లూ ధైర్యంగా ఉంది.

ఇవాళ జిమ్మి లేవలేదు. తోక ఒక్కసారి నేలకు కొట్టింది. సోమక్క కాళ్లు చాపి, దాన్ని మెల్లగా మీదికి తీసుకుంది. అది మామూలుకన్నా బరువనిపించింది. నూనె పోసి తొడ నుంచి కిందికి ఒత్తుకుంటూ పోయింది. రోజూ పంజా ఒత్తితే కాలు తిరిగి నెట్టేది. ఇవాళ నెట్టలేదు.

వంటింట్లో తిరుపతి చాయ్ పెడుతున్నాడు. అక్కడి నుంచే మాట్లాడుతున్నాడు.

"సోమక్కా, ఊకె చేపియ్యుడు నాకు మంచిగనిపిస్తలేదు. నెలకింత అని చెప్పు. పింఛన్ల కెల్లి తీసి పక్కకు పెడ్త."

ఆమె జిమ్మి పక్కటెముకల మీద అరచేయి పెట్టింది. ఊపిరికి డొక్క పైకి లేచింది. ఆగింది. చాలాసేపటికి మళ్లీ లేచింది.

"ఏందక్కా, సప్పుడు జేస్తలేవు? సిగ్గెందుకు? చేతుల కష్టం గాదా?"

పంజాలు చల్లబడుతున్నాయి. సోమక్క రెండు చేతులతో వాటిని మూసి పట్టుకుంది.

"తిరుపతన్నా, జర బయటికి రా."

"వస్త గని, ఎంతనో చెప్పు ముందుగాల."

"నువ్వు రా అన్నా."

ఆయన రెండు గ్లాసులతో వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. గ్లాసులు కింద పెట్టి, పక్కన గొంతుక్కూర్చుని, జిమ్మి చెవి నిమిరాడు.

"పొద్దున పాలు తాగింది గదా" అన్నాడు. అంతే.

"నేను ఇయ్యాల నోరిడిచి అడిగిన అన్నా, శారదమ్మ ఇంట్ల. అడగొద్దని మా అత్త..."

"దాని ఈడు అయిపోయిందక్కా. నువ్వడిగితే పొయ్యిందా?"

సోమక్క గోరువెచ్చని నీళ్లు పోసి జిమ్మి ఒంటి మీది నూనె కడిగింది, చెవుల్లోకి నీళ్లు పోకుండా అరచేయి అడ్డం పెట్టి. ఇంటి వెనక తిరుపతి గొయ్యి తవ్వాడు. గడ్డపార పట్టు ఆయన చేతులకు ఇంకా గుర్తుంది.

చేతులు కడుక్కుని ఆమె వీధి గేటు దగ్గరికి వచ్చి భాగ్యకు ఫోన్ చేసింది.

"పొద్దుటి బస్సుకు వస్త బిడ్డా."

"అడిగినవా మరి?"

"అడిగిన."

"ఒక్కలన్న ఇస్తమన్లేదా?"

"ఒకలు ఇస్తమన్నరు" అని సోమక్క ఫోన్ పెట్టేసింది.

తిరుపతి వెనక నుంచి వచ్చి అరుగు వైపు చూపించాడు. "నేల మీద కూసుంటే నీకు నడుము గుంజుతదని నిన్న అంగట్ల కొన్న. తీస్కపోతవా?"

"ఉండనియ్యి అన్నా."

ఆమె వీధి మలుపు తిరిగింది. అరుగు మీద గోడకు ఆనించిన ఆకుపచ్చ చాప, దుకాణంలో కట్టిన తాడు ముడి విప్పకుండానే ఉంది.