నూటికి నూరు కలిసింది

ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు బుడాన్ కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు.

"మీ అమ్మాయిలిద్దరివీ నూటికి నూరు శాతం కలిశాయండి. మీదీ మీ ఆవిడదీ సగమే," అంది అవతలి అమ్మాయి. రిపోర్టు గురువారం డాక్టరు గారి దగ్గర తీసుకోమంది. బుడాన్ ఆ మాట సరిగ్గా వినలేదు. ఎండుతున్న కాయల్ని తొక్కుకుంటూనే ఇంటికి పరిగెత్తాడు.

నగ్మా, సిద్దికా కవలలు. ఎంత పోలికంటే, పుట్టినప్పుడు నగ్మా చేతికి నల్లదారం కట్టి గుర్తు పెట్టుకున్నారు. ఏడాది నిండకముందే ఇద్దరూ పాలిపోయారు. తలసీమియా అన్నారు గుంటూరులో. ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాని జబ్బు. అప్పట్నుంచీ పద్నాలుగేళ్లుగా మూడు వారాలకోసారి మార్టూరులో బస్సెక్కి, చిలకలూరిపేటలో మారి, గుంటూరు ఆస్పత్రిలో పక్కపక్క మంచాల మీద రక్తం ఎక్కించుకుని వస్తున్నారు. ఎముకల మూలుగ మార్పిడి చేస్తే జబ్బు పోతుందనీ, ఇంట్లోవాళ్లెవరిదైనా కలవాలనీ చెప్పి, ఆ మధ్య క్యాంపులో నలుగురి దగ్గరా నమూనాలు తీసుకున్నారు.

సంగతి విని బుడాన్ భార్య అమీర్‌బీ సేమ్యా పాయసం కాచి వీధంతా పంచింది.

గురువారం నలుగురూ వెళ్లారు. డాక్టర్ జాస్మిన్‌ది అద్దంకి. చిన్న వయసు. వాళ్ల ముఖాలు చూసి రిపోర్టు బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఫోన్లో ఆ ముక్క చెప్పకుండా ఉండాల్సింది. బుడాన్ గారూ, మీ పిల్లలు ఒకే పిండం రెండుగా విడిపోయి పుట్టినవాళ్లు. క్లోనింగ్ అని వినుంటారు. ఒక గేదె కణం తీసుకుని అచ్చం అలాంటి గేదెనే తయారు చేస్తారు. మీ ఇంట్లో అలాంటిదే దానంతటదే జరిగింది. అందుకే అంతా కలిసింది."

"మంచిదేగా అండీ."

"జబ్బు కూడా కలిసిందండీ. రక్తాన్ని తయారు చేసే జన్యువులో తప్పుంది. ఆ తప్పు ఇద్దరిలోనూ ఒక్కటే. ఈమె మూలుగ ఆమెకి పెట్టినా మళ్లీ అదే రక్తం వస్తుంది."

అమీర్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మేం పత్తిలో బీటీ గింజలేస్తామండీ," అన్నాడు బుడాన్. "పచ్చపురుగు తినకుండా గింజలో ఏదో పెట్టారంటారు. అదీ ఇదీ ఒకటేనా?"

"కాదండీ. క్లోనింగంటే ఉన్నదాన్ని ఉన్నట్టే ఇంకోటి చెయ్యడం. బీటీ అంటే ఉన్నదాన్ని మార్చడం. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి జన్యువు తెచ్చి పత్తిలో పెట్టారు."

"మా పిల్లలక్కావాల్సింది ఆ మార్చడమేగా?"

"అదే."

"పురుగు కోసం గింజని మార్చి ఇరవై ఏళ్లు దాటిందండీ. పిల్లల కోసం ఇంకా మార్చలేదా?"

"మార్చారండీ, బయటి దేశాల్లో. పిల్లల మూలుగ కణాలే తీసి, సరిచేసి, మళ్లీ వాళ్లకే ఎక్కిస్తున్నారు. మీలాంటి వాళ్ల దాకా ఇంకా రాలేదు."

తలుపు దగ్గర నిలబడి అంతా విన్న నగ్మా, "పంచిన పాయసం వెనక్కి అడగాలేమో నాన్నా," అంది. సిద్దికా నవ్వలేదు. రూపం ఒకటే గానీ మనుషులు వేరు. నగ్మాకి దేనికీ భయం లేదు. సిద్దికాకి అన్నీ భయమే.

రక్తం ఎక్కించిన కొద్దీ ఒంట్లో ఇనుము పేరుకుంటుంది. అది పోవడానికి ఇద్దరూ రోజూ మాత్ర వేసుకోవాలి. ఆ ఏడు పత్తి రెండో తీత నాటికి నగ్మా కాళ్లు వాచాయి. ఇనుము గుండెకి చేరిందన్నారు. ఐసీయూలో నాలుగు రోజులుంది. ఐదో రోజు పొద్దున పోయింది. పసితనం నుంచీ ఆ చేతికి సూది గుచ్చిన నర్సు ఎలీసమ్మే తన చేత్తో పిల్ల కళ్లు మూసింది.

నెల తిరక్కుండానే అమీర్‌బీ ఒకరోజు సిద్దికాని "నగ్మా" అని పిలిచింది. పొరపాటున వచ్చిన పిలుపే. సిద్దికా "ఊఁ" అంది. తల్లి ముఖంలో ఒక్క క్షణం పాత వెలుగు కనిపించింది. మర్నాడు కూడా అదే పేరుతో పిలిచింది, సిద్దికా మళ్లీ పలికింది. తర్వాత నగ్మాలా పక్కపాపిట తీసుకోవడం మొదలుపెట్టింది. అమీర్‌బీ ఆ తలని ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి నూనె రాసేది. బుడాన్ గుమ్మంలో నిలబడి చూసి చేలోకి వెళ్లిపోయేవాడు.

ఒక సాయంత్రం అమీర్‌బీ మాత్ర, మంచినీళ్లు తెచ్చి, "నగ్మా, వేసుకో తల్లీ," అంది.

సిద్దికా చెయ్యి చాపలేదు. "నగ్మా వేసుకునేది కాదమ్మా."

"ఏంటీ?"

"వాంతొస్తోందని, నువ్వు అటు తిరగ్గానే దొడ్లో మిరప మొక్కల్లో ఉమ్మేసేది. రెండేళ్ల నుంచీ. నీకు చెబితే జన్మలో నాతో మాట్లాడనంది. భయమేసి చెప్పలేదు. నేను రోజూ మింగాను. నేను సిద్దికానమ్మా."

అమీర్‌బీ గ్లాసు కింద పెట్టి లేచి దొడ్లోకి వెళ్లింది. బుడాన్ వెళ్లి చూస్తే గోడకి ఆనుకుని నేల మీద కూర్చునుంది. "తిట్టేదాన్ని," అంది. "నాలుగు కొట్టైనా మింగించేదాన్ని. నాకెందుకు తెలీలేదు?" బుడాన్ పక్కన కూర్చున్నాడు. వంట సంగతి ఎవరికీ గుర్తురాలేదు.

రెండు రోజులు ఆమె సిద్దికాతో మాట్లాడలేదు. పిల్ల పాపిట మళ్లీ మధ్యకి తీసుకుంది. ఏం పెడితే అది తిని, ఎవరూ చెప్పకుండానే మాత్ర వేసుకుని పడుకుంది.

మూడో రోజు అమీర్‌బీ మాత్ర పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. సిద్దికా నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.

"సిద్దికా," అంది అమీర్‌బీ. "నోరు తెరువు."

తెరిచింది. "నాలిక పైకెత్తు." ఎత్తింది. అమీర్‌బీ కూతురి గడ్డం పట్టుకుని, వెలుతురుకి తిప్పి, నాలిక కిందా బుగ్గల లోపలా వెతికింది. మాత్ర లేదు. అయినా చెయ్యి తియ్యలేకపోయింది. ఆ ముఖాన్ని అలాగే పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.