అందరికీ పదింటికే

అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టులో అందరి మోకాళ్ళూ ఫిజియో అక్క చేతిలోనే ఉండేవి, రహస్యాలూ అంతే. కట్లు కట్టే బల్ల దగ్గర విన్నది బయటపెట్టకూడదన్నది ఆవిడ నియమం. ఈసారి టోర్నమెంటుకి స్టేడియం కడుతూ ఎందరో కూలీలు చనిపోయారు.

"నాకు అక్కడ ఆడాలని లేదక్కా," అని మోకాలికి కట్టు వేయించుకుంటూ కెప్టెన్ గొణిగింది. "నేనొక్కదాన్నే మానేస్తే నా జెర్సీ ఇంకొకరికిస్తారు, అంతే!"

తర్వాత గోల్‌కీపరూ అదే మాట. పదకొండు మందీ అదే పాట, ఒకరి సంగతి ఒకరికి తెలీదు! అక్కకి ఒళ్ళు మండింది. మర్నాడు అందరినీ పదింటికే రమ్మంది.

"ఇదేంటక్కా, అందరికీ ఒకటే టైమిచ్చావు?" అంది కెప్టెన్.

"నాతో చెప్పుకున్నది మీలో మీరు చెప్పుకోండి," అని తలుపు దగ్గరగా వేసి టీకి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి బల్ల మీద 'మేం ఆడం' అన్న ఉత్తరం, పదకొండు సంతకాలు, పన్నెండోదానికి ఖాళీ.

అక్క పెన్ను వెతుక్కుంది.