వన్స్‌మోర్ అన్నంతసేపూ

ఓడ పొడవు ఆరు వందల అడుగులు. ఆ ఓడలో ఉన్న నాటకశాల పొడవు ఏడు వందల అడుగులు. మిగిలిన వంద అడుగులూ ఎక్కడున్నాయని ప్రయాణికుల్లో ఎవరూ అడగరు. కోటిలింగమూ అడగడు. తెనాలిలో పిండిమర నడిపే మనిషి అతను. బస్తాలో పట్టని పిండి నాలుగు కుదుపులు కుదిపితే పడుతుందని అతనికి బాగా తెలుసు.

విశాఖపట్నంలో ఓడ ఎక్కి ఇది మూడో రోజు. వెంట భార్య హైమావతి, ఏడేళ్ళ కూతురు మధూలిక ఉన్నారు. పెళ్ళయిన పదకొండేళ్ళకు పుట్టిన పిల్ల. నేల మీద పెడితే చీమలు కుడతాయని, నెత్తిన పెడితే పేలు కొరుకుతాయని పెంచుకొచ్చారు. ఓడలో చూడాల్సినవన్నీ చూడడం అయిపోయింది. ఇక మిగిలింది పదకొండు గంటల ఆట ఒక్కటే. అది పాటలతో, గంతులతో నడిచే పెద్ద నాటకం. రోజూ పొద్దున సరిగ్గా పదకొండింటికి మొదలవుతుంది.

"పిల్లలు చూడదగ్గదేనా అది? ఎవర్నన్నా కనుక్కుని పోదాం," అంటుంది హైమావతి. ఆమెది అనుమానపు మనసు. పాలు కాచినా రెండుసార్లు వాసన చూస్తుంది.

పై అంతస్తులో ఎండలో కుర్చీలు వేసుకుని కూర్చున్నవాళ్ళని వరసబెట్టి అడుగుతుంది. ఒకావిడ ఒళ్ళో చిన్న స్వెట్టరు పెట్టుకుని మడత పెడుతూ, విప్పుతూ, మళ్ళీ మడత పెడుతూ ఉంటుంది. "మావాడికి ఎంత నచ్చిందోనమ్మా! తప్పకుండా తీసుకెళ్ళండి," అంటుంది. ఆవిడ పక్కన బట్టతలాయన మెళ్ళో రెండు చిన్న నీళ్ళ సీసాలు వేలాడుతూ ఉంటాయి. "మా కవలలిద్దరికీ ఆ నాటకమంటే ప్రాణం," అంటాడు.

"పిల్లలెక్కడండీ?"

"నచ్చిందని చెప్పాను కదమ్మా," అంటాడాయన, ఎంతో మర్యాదగా.

ఓడంతా కలయదిరిగినా మధూలిక తప్ప ఇంకో పిల్ల కనబడదు. హైమావతి పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. కోటిలింగానికి మాత్రం ఇది కలిసొచ్చినట్టే ఉంటుంది. "మంచిదేగా. తోపులాట ఉండదు, ముందు వరస దొరుకుద్ది," అంటాడు.

నాటకశాల గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఒకావిడ కూర్చుని ఉంటుంది. పిల్లలు చూడొచ్చో కూడదో తేల్చడం ఆవిడ ఉద్యోగం.

"ఈ నాటకం పిల్లలకి పనికొస్తుందా అండీ?" అని అడుగుతుంది హైమావతి.

"నాటకం ఏ పిల్లకైనా పనికొస్తుందమ్మా. పిల్ల నాటకానికి పనికొస్తుందో లేదో చూడాలి," అని ఆవిడ మధూలిక వైపు తిరుగుతుంది. "చీకట్లో ఏడుస్తావా పాపా?"

"ఏడవను."

"ఎవరన్నా పిలిస్తే వెళ్తావా?"

"మంచిగా పిలిస్తే వెళ్తాను."

"పనికొస్తుంది," అని ఆవిడ పిల్ల మణికట్టు మీద ముద్ర వేస్తుంది. హైమావతి అక్కడే కొంగు తడిపి ఆ ముద్రని చెరపబోతుంది. ముద్ర చెరగదు గాని కొంగు మీదికి కూడా వస్తుంది.

ముందు వరసలో ముగ్గురూ కూర్చుంటారు, పిల్ల మధ్యలో. వెనక వరసలన్నీ తల్లులతో, తండ్రులతో నిండిపోయి ఉంటాయి. ప్రతి ఇద్దరి మధ్యా ఒక కుర్చీ ఖాళీ. స్వెట్టరావిడ ఆ కుర్చీ మీద స్వెట్టరు పరుస్తుంది.

తెర లేస్తుంది. రంగం మీద ఒక రేవు కనబడుతుంది. మామూలు రేవే, తాళ్ళు, పీపాలు, ఉప్పు వాసన. జరీ కోటు వేసుకున్న నటుడొకడు ముందుకొచ్చి, ఈ రేవునుంచి వెళ్ళే పిల్ల ఒకతి కావాలని పాడతాడు. మంచిగానే పిలుస్తాడు. మధూలిక చెప్పులు కుర్చీ కింద వదిలి లేచి, చుక్కల గౌను సర్దుకుని, పట్టీలు ఘల్లుమనిపిస్తూ మెట్లెక్కుతుంది. హైమావతి చెయ్యి చాచేసరికే పిల్ల పడవలో నిలబడి ఉంటుంది.

పిల్లకి ఆ పాట ఎవరూ నేర్పలేదు. అయినా పాడుతుంది. *నే పోయొస్తా రేవా, నన్ను మరిచిపో రేవా* అని, శ్రుతి తప్పకుండా, రాగం ఎక్కడా జారకుండా పాడుతుంది. పాడుతూ నాన్న వైపు చెయ్యి ఊపుతుంది. పడవ కుడి పక్క తెరల్లోకి వెళ్ళిపోతుంది.

తెనాలివైపు పద్యనాటకాలు చూసి పెరిగినవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. పద్యం నచ్చితే ఊరుకోలేరు. లేచి వన్స్‌మోర్ అని కేకపెడతారు. కేక పడ్డాక నటుడు మళ్ళీ అందుకోవాల్సిందే. బాణం దిగి ప్రాణం పోయిన వీరుడైనా లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే. నచ్చినదాన్ని ఒక్కసారికే పోనివ్వడం మర్యాద కాదని కోటిలింగం తండ్రి అంటూ ఉండేవాడు. పైగా ఇప్పుడు పాడింది సొంత కూతురు. కోటిలింగం ఛాతీ రెండింతలవుతుంది. ఇరవయ్యేళ్ళు పిండిమర చప్పుడుని మించి మాట్లాడిన గొంతు అతనిది.

"వన్స్‌మోర్!"

సభంతా వెనక్కి తిరిగి చూడబోయి, కేక వచ్చింది ముందు వరసలోంచి కాబట్టి ముందుకే చూస్తుంది. ఈ ఓడలో ఆ మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. వాయిద్యాల వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. తరవాత పాట ఎత్తుగడ మళ్ళీ అందుకుంటారు. పడవ వెనక్కి వస్తుంది. మధూలిక మళ్ళీ పాడుతుంది, మళ్ళీ వెళ్తుంది. ఈసారి కాళ్ళకి పట్టీలు ఉన్నాయి గాని మోగవు.

"దాన్ని కిందికి రమ్మనండి," అంటుంది హైమావతి.

రమ్మనడమెలాగో కోటిలింగానికి తెలియదు. అతనికి తెలిసిన కేక ఒక్కటే. మళ్ళీ వేస్తాడు. ఈసారి గౌను మీది చుక్కలు పడవలోనే ఉండిపోతాయి, పిల్ల ఉత్త తెల్లగౌనుతో పాడుతుంది. ఇంకోసారి వేస్తాడు. ఈసారి చెయ్యి ఊపుతుంది గాని వాళ్ళ వైపు కాదు, వాళ్ళ వెనక వరస వైపు.

అప్పుడర్థమవుతుంది కోటిలింగానికి, తను అడుగుతున్నది పిల్ల రావడం కాదని, పిల్ల వెళ్ళడమని. "నేనొచ్చేదాకా నువ్వు అంటా ఉండు," అని భార్యకి చెప్పి, రంగం మీదికెక్కి కుడి పక్క తెరలోకి దూరతాడు. వెనక హైమావతి గొంతు వినబడుతుంది. సంతలో బేరమాడడానికి కూడా గొంతు పెంచని మనిషి ఆమె.

తెర వెనక ఇంకో తెర ఉంటుంది. దాని వెనక ఇంకోటి. ముప్ఫై తెరలు దాటాక ఒక కుర్చీ, కుర్చీలో నాటకం ఆడించే కాంట్రాక్టరు కనబడతాడు. టిఫిను తింటూ ఉంటాడు.

"అయ్యా, మా పిల్ల ఎటుపోయింది?"

"పాత్ర అయిపోయింది కదండీ."

"ఆట అయ్యాకన్నా వస్తది గందా?"

"తరవాతి రంగం ముప్ఫై ఏళ్ళ తరవాత మొదలవుతుంది. అందులో ఆ పాత్ర పెద్దావిడ వేస్తుంది. చిన్నపిల్లతో పనిలేదు." కాంట్రాక్టరు ఇడ్లీ తుంచి చట్నీలో అద్దుకుంటాడు. "మీరు వన్స్‌మోర్ అన్నంతసేపూ ఈ రంగం అవదు లెండి."

"అవకపోతే పిల్ల ఉంటదా?"

"ఉండదు. వెళ్తూ ఉంటుంది."

కోటిలింగం ఆయన కాళ్ళు పట్టుకుంటాడు. పట్టుకున్నంతసేపూ కాళ్ళు ఇవ్వడానికి కాంట్రాక్టరు అభ్యంతరం చెప్పడు, ఆయన తినడం ఆయన తింటాడు. కాసేపటికి కోటిలింగం వదిలేసి, ముప్ఫై తెరలూ వెనక్కి దాటి, వచ్చి తన కుర్చీలో కూర్చుంటాడు. హైమావతి గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంటుంది.

ఇక ఆ నాటకశాలలో గడియారం పదకొండూ నలభై దగ్గరే ఉంటుంది. కోటిలింగం అరుస్తాడు, పడవ వస్తుంది, పిల్ల పాడుతుంది, పడవ వెళ్తుంది. తీర్థంలో తప్పిపోయిన పిల్లనైతే మైకులో పిలిపించొచ్చు. ఎదురుగా కనబడుతున్న పిల్లని ఏం చేస్తాం? లెక్కపెట్టడం మానేసినప్పటికి నాలుగు వందల సార్లు వెళ్ళి ఉంటుంది. ఓసారి దాని జడ ఉండదు, ఓసారి నీడ ఉండదు. ఓసారి పాటలో మాటలుండవు, నోరు మాత్రం కదులుతుంది. పడవెక్కేటప్పుడు కాలు తడబడి పీపా పట్టుకుని నిలదొక్కుకుంటుంది. కోటిలింగం అది చూసీ చూడనట్టు మళ్ళీ అరుస్తాడు.

"ఆపండి," అంటుంది హైమావతి.

"ఆపితే పోద్దే."

"ఇప్పుడేం చేస్తన్నారు మరి? మనం చూసుకోటానికి దాన్ని తిప్పితిప్పి పంపిస్తన్నారు. కాళ్ళు లాగుతుంటయ్యి దానికి. ఇంట్లో పది మెట్లెక్కితే ఎత్తుకోమనే పిల్ల."

"పోనివ్వమంటావా? నీ నోటితో నువ్వే అంటావా ఆ మాట?"

హైమావతి అనదు. ఏ తల్లి అంటుంది? చెవులు రెండూ చేతులతో మూసుకుని కూర్చుంటుంది. మూసుకున్నా కళ్ళు మాత్రం రంగం మీదే ఉంటాయి. వెనక వరసలోంచి బట్టతలాయన ముందుకు వంగి, "నాటకం ముందుకి పోనివ్వండి సార్, అసలు ఘట్టం రాలేదింకా. మేమంతా దానికోసమే రోజూ వచ్చేది," అంటాడు. ఆయన కంఠంలో కోపం ఉండదు. ఆకలి ఉంటుంది.

చివరికి కోటిలింగం నోరు తెరిస్తే కేక రాదు. గొంతులోంచి సన్నగా పిండి రాలుతుంది. బియ్యప్పిండి, మెత్తగా, చొక్కా మీద, ఒళ్ళో. ఇంకోసారి ప్రయత్నిస్తాడు, ఇంకాస్త రాలుతుంది. హైమావతి చెవుల మీద చేతులు తీసి, తనే లేచి నిలబడుతుంది. ఆమె నోరు తెరుస్తుంది. రంగం మీద పిల్ల పీపాకి ఆనుకుని రొప్పుతూ ఉంటుంది. హైమావతి దాన్ని ఒక్క నిమిషం చూసి, నోరు మూసుకుని కూర్చుంటుంది.

పడవ వెళ్ళిపోతుంది. ఈసారి చివరి తెర దాకా వెళ్ళిన చప్పుడు వినబడుతుంది.

రంగం మీదికి ఒక బోర్డు దింపుతారు. దాని మీద "ముప్ఫై ఏళ్ళ తరవాత" అని రాసి ఉంటుంది. అదే రేవు. ఎడమ పక్కనుంచి నలభైకి దగ్గరపడ్డ మనిషి ఒకతె పడవలో వస్తుంది. చక్కటి గొంతు, నదురూ బెదురూ లేని పాట. రేవులో తెల్లజుట్టు పెట్టుకున్న ముసలి తండ్రి, ముసలి తల్లి వేషాలు వేసినవాళ్ళు చేతులు చాచి ఎదురెళ్తారు. ముగ్గురూ కావలించుకుని ఏడుస్తారు. ఎంత బాగా ఏడుస్తారంటే కోటిలింగానికి తన ఏడుపు చేతకాని ఏడుపులా తోస్తుంది.

వెనక వరసలన్నీ లేచి నిలబడతాయి. "చూశారా, మా పిల్లలు ఎంతెత్తు ఎదిగారో!" అంటాడు బట్టతలాయన, కన్నీళ్ళు జారుతుంటే. "మావాడు, మావాడే," అంటుంది స్వెట్టరావిడ. రంగం మీద ఉన్నది ఒకతె. సభలో ప్రతివాళ్ళకీ ఆమె వాళ్ళ బిడ్డే. "పిల్లలకి ఇంతకన్నా తగిన నాటకం ఉందా చెప్పండి," అని ఒకరితో ఒకరు అనుకుంటారు. ఆ మాట అబద్ధం అనడానికి ఆ సభలో ఒక్క పిల్ల లేదు.

కోటిలింగం కూడా కళ్ళు చికిలించి చూస్తాడు. తనకీ అలా కనబడితే బాగుండునని ఎంతో ఆశపడతాడు. ముక్కు పోలుతుందా? నడక? పిండి పడిన చేతులతో కళ్ళు నులుముకుని మళ్ళీ చూస్తాడు.

"అది కాదండీ," అంటుంది హైమావతి నెమ్మదిగా. "మన పిల్ల కాదు అది."

వేషాల వాళ్ళు ముగ్గురూ చేతులు పట్టుకుని మెట్లు దిగి, కుర్చీల మధ్యనుంచి నడిచి వెళ్ళిపోతారు, తమ ఇంటికి వెళ్తున్నట్టే. పక్కనుంచి పోతున్నప్పుడు ఆ పడవలో వచ్చినామె "వీళ్ళెవరు నాన్నా?" అని అడుగుతుంది. "ఆట చూట్టానికొచ్చిన వాళ్ళమ్మా," అంటాడు ముసలి వేషం. తలుపు తీసుకుని బయటికి పోతారు. వెనకే తలుపు మూసుకోదు.

చప్పట్లు ఆగవు. తెరిచిన తలుపులోంచి పట్టపగటి వెలుతురు పడుతుంది. ఆ వెలుతురులోంచి ఒక కెరటం లోపలికి వస్తుంది. పెద్దది కాదు, ఏడేళ్ళ పిల్ల ఎత్తు ఉంటుంది. దారి అడక్కుండా, ఎవరి కాళ్ళూ తడవకుండా జాగ్రత్తగా వరసలన్నీ దాటి ముందుకొస్తుంది. మధూలిక ఖాళీ చేసిన కుర్చీలో ఎక్కి కూర్చుంటుంది. కాళ్ళు నేలకందవు దానికి. ఊపుకుంటూ రంగం వైపు చూస్తుంది.

కోటిలింగం, హైమావతి ఒకరినొకరు చూసుకోరు. తడితలతో ఏ పిల్ల కనబడినా హైమావతి ఊరుకోలేదు. కొంగు తీసి దాని తల తుడవడం మొదలుపెడుతుంది. పిండుకుని మళ్ళీ తుడుస్తుంది, పిండుకుని మళ్ళీ తుడుస్తుంది. "జలుబు చేస్తదమ్మా, కదలకు," అంటుంది. అది కదలకుండా తల వంచి కూర్చుంటుంది. కోటిలింగం కుర్చీ కిందికి వంగి, దాని కాళ్ళు తడుముకుంటూ మధూలిక వదిలిన చెప్పులు తొడగబోతాడు.