గడప ముందు చోటు

మెట్ల మలుపులో ఫ్రిజ్ ఇరుక్కుంటే హనుమండ్లు తొందరపడలేదు. తాడును నడుముకు ఇంకో చుట్టు బిగించి, ఎడమ భుజం గోడకు ఆనించి, కొత్త కోడలిని నడిపించినంత మెల్లగా దాన్ని కిందికి దించాడు. పొట్టి మనిషి. యాభై దాటినా మెడ నరాలు తాళ్లలా బిగిసే ఉంటాయి. కరీంనగర్‌లో ఊరందరి సామానూ ట్రాలీ ఆటోలో మోసే ఈ పెద్దమనిషికి ఇప్పుడు తన ఇల్లే దొరకడం లేదు.

ఉన్న ఇంటి ఓనరు పాతది కూలగొట్టి కొత్తది కట్టుకుంటాడట. ఆషాఢంలో ఇల్లు మారకూడదు కాబట్టి ఆ లోపే ఖాళీ చెయ్యాలి. తక్కువ కిరాయికి గదులు లేక కాదు. చిక్కంతా హనుమండ్లు అడిగే ఒక్క మాటతోనే.

ఫ్రిజ్ చేరవేసి, మొదటి టు-లెట్ బోర్డు ముందు బండి ఆపాడు. రెండు గదులు, నల్లా నీళ్లు, అతను ఇవ్వగలిగిన కిరాయే. ఇంటామె తాళంచెవి కూడా తీసింది.

"ఒక్క మాట అక్కా. మా అవ్వ ముసల్ది. రేపు ఏమన్న అయితే పీనుగను గేటు లోపటికి రానిస్తరా?"

ఆమె ముఖం మాడిపోయింది. "శుభమా అని ఇల్లు చూడొచ్చి గదేం మాట? మీ ఊరికి తీస్కపోరా?"

"మా ఊరు డ్యాంల మునిగిపాయె గదక్కా. నీళ్లల్లకు తీస్కపోవాల్నా?"

తాళంచెవి మళ్లీ కొంగుకు చేరింది. రెండో ఇంట్లో అయితే మాట పూర్తికాకముందే గేటు పడింది.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తే తల్లి అనసూర్య గోడ వారన కూర్చుని గోంగూర తెంపుతోంది. పక్కన టేకు గడప ఆనించి ఉంది. ఊరు మునిగే ముందు తమ ఇంటి దర్వాజలు, దూలాలు అన్నీ అమ్మినా, ఆ గడపను మాత్రం ఆమె ఇవ్వలేదు. ప్రతి కిరాయి ఇంటికీ అది ఆమెతోపాటే ట్రాలీ ఎక్కింది. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాస్తుంది, ఎవరినీ తొక్కనివ్వదు.

"నోరు మూస్కోని దిగు కొడుకా. సచ్చినంక నాకేం ఎరుక, గేటు ఇవతల్నో అవతల్నో."

"నాకెరుక గద," అన్నాడు హనుమండ్లు.

తండ్రి పోయిన రోజు అప్పటి ఓనరు గేటు తియ్యలేదు. రోడ్డు పక్కన, వానలో, ఈ ట్రాలీ మీదే పడుకోబెట్టి బాపుకు ఆఖరి స్నానం పోశారు. దారికి అడ్డమని వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. అది హనుమండ్లు చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. అవ్వకు అట్లా కానివ్వడు, అంతే.

"ఫికర్ చెయ్యకు. గింత పట్నంల ఒక్క మనిషి లేకుంట పోతడా?" అని చెయ్యి కడుక్కుని లేచాడు.

సాయంత్రం దొరికిన మనిషి అంతయ్య. ముసలి దర్జీ, ఒంటిగాడు. ముందు గదిలో మిషన్ పెట్టుకుని, వెనక గదులు కిరాయికిస్తాడు. హనుమండ్లు అదే మాట అడిగాడు. మిషన్ ఆగింది. అంతయ్య అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వచ్చినోళ్లందరు నల్లా గురించే అడిగిన్రు. గిది అడిగినోనివి నువ్వే."

"అడగకుంటె ఎట్ల పెద్దయ్యా?"

"మా ఇంటిదాన్ని గీ గడప ముందర్నే పండవెట్టిన. గడపకేమైంది? రోజూ దాటుతనే ఉన్న. పో, పాలు పొంగిచ్చుకో."

దిగిన మొదటి శుక్రవారం అనసూర్య తన గడపతోపాటు అంతయ్య గడపకూ పసుపు రాసింది. ఇల్లాలు పోయినప్పటినుంచీ అది బోసిగానే ఉంది.  ఆ రోజునుంచి ముసలాయన దాన్ని దాటేటప్పుడు కాలు కాస్త పైకెత్తేవాడు.

దసరా పోయిన తర్వాత, ఒక శనివారం పొద్దున, చాయ్ తాగమని లేపితే అనసూర్య లేవలేదు.

అంతయ్య మిషన్ మీద గుడ్డ కప్పాడు. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, మూసుకోకుండా ఇటుకలు పెట్టాడు. గడప ముందు ఆమెను పడుకోబెట్టి, కాగు నిండా వేన్నీళ్లు కాచి స్నానం పోశారు. ఎవరూ తొందరపెట్టలేదు. బాపు పోయినప్పుడు నోట్లో గుడ్డ కుక్కుకున్న హనుమండ్లు, ఈసారి గొంతెత్తి, వాకిలంతా వినబడేలా, తనివితీరా ఏడ్చాడు.

సాయంత్రం వాగు ఒడ్డున దహనం చేసి తిరిగొచ్చేసరికి వాకిలి కడిగి ఉంది. లోపల, గోడ వారన, టేకు గడప మీద నిన్న ఆమె రాసిన పసుపు ఇంకా పచ్చగానే ఉంది.