స్వరూప ఉన్న ఇల్లు

"మీకేం తక్లీఫ్ ఉండది. మా ఆమె ఉన్నది గద!" అన్నాడు భూమేశ్వర్ అతిథులతో, పెరట్లో గిన్నెలు తోముతున్న గంగమణి వైపు చెయ్యి చూపిస్తూ. ఆ చెయ్యి బోరింగునూ, గొడ్ల కొట్టాన్నీ, తననూ కలిపి ఒక్కసారే చూపించినట్టు అనిపించింది ఆమెకు.

అవి తొంభై మూడులో వినాయక చవితి రోజులు. ఆర్మూరు యువజన సంఘానికి భూమేశ్వర్ అధ్యక్షుడు. కేరళ, బెంగాల్, ఒరిస్సాల నుంచి కాలేజీ పిల్లలు సాంస్కృతిక శిబిరానికి వచ్చి, పసుపు మార్కెట్ పక్కనున్న హాల్లో దిగారు. పగలంతా ఒకరి పాటలు ఒకరికి, ఒకరి ఆటలు ఒకరికి నేర్పుకునేవారు. వాళ్లందరికీ పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం పప్పు, సాయంత్రం చాయ్ గంగమణివే. హాలు కిటికీలోంచి అర్థం కాని మాటల పాటలు తేలి వచ్చేవి. కుప్పలన్నీ అమ్ముడుపోయినా మార్కెట్‌ను విడిచిపోని పసుపు వాసన ఆ పాటలకు అంటుకునేది. రెండూ కలిసి ఆమె లోపలికి దిగుతుంటే గంటె చేతిలోనే ఆగిపోయేది. వెనక నుంచి అత్త నీలవ్వ గొంతు వినిపించేది. "ఏందే, నిలవడి కలలు గంటున్నవా? పప్పు మాడుతున్నది."

నిజమే, నిలబడి కలలు కనడం ఆమెకు అలవాటైంది. రెండేళ్ల కూతురు స్వరూప జ్వరంతో పోయినప్పటి నుంచీ అంతే. పసుపు ఉడకబెట్టే రోజులవి. పిల్లను మట్టిలో పెట్టిన మర్నాడే, "కల్లం కాడ కూలోళ్లకు బువ్వెవరు వండుతరు?" అన్నది నీలవ్వ. "ఆడివిల్లనే గదనే, ఇంకోటి పుడ్తది. పేరు దియ్యకు. పేరు దీస్తే పానం కొట్టుకుంటది" అని కూడా అంది, ఓదార్పుగానే. ఆ తర్వాత భూమేశ్వర్‌తో సహా ఇంట్లో ఎవరూ ఆ పేరు తీయలేదు. తీయని పేరు ఎక్కడికి పోతుంది? ఉడికే పసుపు ఆవిరిలో, గోడ మీది ఎండలో, అన్నం వార్చేటప్పుడు కమ్మే మసకలో ఇల్లంతా పరుచుకుంది. గంగమణి పనులన్నీ చేసేది, కానీ చెరువు అడుగున నడుస్తున్నట్టు చేసేది. ఎవరైనా గట్టిగా పిలిస్తే పైకి తేలేది, "ఆఁ" అనేది, మళ్లీ మునిగేది.

నిమజ్జనం అయిన మర్నాడు, ఇంకా వెలుగు రాకముందే, గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. పిల్లి కాబోలనుకుంది. తెల్లారినంక రేడియో చెప్పింది, లాతూరు దిక్కు భూమి కదిలి ఊళ్లకు ఊళ్లే కూలిపోయాయని. శిబిరంలో పాటలు ఆగిపోయాయి. మేమూ వస్తాం, పిల్లల కోసమైనా ఏదో ఒకటి చేస్తాం అన్నారు కాలేజీ పిల్లలు. భూమేశ్వర్ లారీ మాట్లాడాడు. బియ్యం, పప్పు, దుప్పట్లు ఎక్కించాక పెళ్లాం వైపు తిరిగాడు.

"నువ్వు సుత నడువ్. ఇంతమందికి వండాలె గద."

"ఆడది గట్ల ఊర్లు వట్టుకొని తిరుగుతదారా?" అంది నీలవ్వ.

"తిరుగనీకె కాదమ్మా, సేవకు."

అలా బియ్యం బస్తాల మధ్య కూర్చుని గంగమణి బయల్దేరింది.

ఆ ఊరు ఊరులా లేదు. నల్లరేగడి నేల మీద రాళ్ల గుట్టలు, వాటికి దూరంగా తెల్ల గుడారాలు. చుట్టూ జొన్న చేలు మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా ఊగుతున్నాయి. పిల్లల కోసం కొత్తగా రేకుల షెడ్డు వేశారు. కానీ పిల్లలు దానిలోకి అడుగు పెట్టలేదు. ఏ కప్పు కిందికీ రామన్నారు. గంగమణి పొయ్యి ఆకాశం కింద ఉంది కనుక అందరూ దాని చుట్టూ చేరారు. ఆమె పుట్టిల్లు బోధన్ అవతల, మహారాష్ట్ర అంచున. చిన్నప్పుడు నేర్చిన మరాఠీ మాటలు నోట్లోనే ఉన్నాయి. "ఆకలైతుందా బిడ్డా?" అని ఆ భాషలో అడగ్గానే పిల్లలు ఇంకా దగ్గరికి జరిగారు.

అక్కడ రెండో రోజు మధ్యాహ్నం, వడ్డన అయిపోయాక, బస్తాకు ఆనుకుని అలాగే నిద్రపోయింది. కళ్లు తెరిచేసరికి చేల మీద ఎండ వాలి ఉంది. ఇంతసేపట్లో తనను ఎవరూ పిలవలేదు. పెళ్లయ్యాక పగటిపూట ఎవరూ లేపకుండా తనంతట తాను లేవడం అదే మొదలు. లేచాక కూడా కాసేపు కదల్లేదు. మబ్బులు గుడారాల మీదుగా పోతున్నాయి. వాటితోపాటు తానూ తేలుతున్నట్టుంది. దూరంగా పిల్లలు ఏదో ఆడుతున్నారు.

పెంకులు, రాళ్లు పేర్చి ఇల్లు కడుతున్నారు వాళ్లు. కట్టి, ఒక్క తన్నుతో కూలదోస్తున్నారు. "పారిపోండి, పారిపోండి!" అని అరుస్తున్నారు. కాలేజీ పిల్లలు పరుగున వచ్చి రాళ్లు లాక్కున్నారు. పాపం, మంచి మనసుతోనే. "అట్లాంటి ఆట వద్దు" అని చప్పట్ల పాట నేర్పబోయారు. పిల్లలు చప్పట్లు కొట్టారు, కళ్లు మాత్రం రాళ్ల మీదే ఉంచారు.

మర్నాడు గంగమణి వెళ్లి వాళ్ల మధ్య కూర్చుంది. తానే ఒక రాయి అందించింది. సుమన్ అనే ఎనిమిదేళ్ల పిల్ల ఆ రాయిని గోడలో పెట్టింది. వాళ్ల అమ్మ, తమ్ముడు ఇద్దరూ ఆ తెల్లవారుజామునే పోయారు.

"ఈ ఇంట్ల ఎవరున్నరు?" అడిగింది గంగమణి, వాళ్ల భాషలోనే.

సుమన్ అనుమానంగా చూసింది. ఇన్నాళ్లుగా అందరూ మరచిపొమ్మన్నవాళ్లే తప్ప అడిగినవాళ్లు లేరు. "అమ్మ. తమ్ముడు. గంగి గేదె" అంది మెల్లగా. ఇంకో పిల్ల తాత పేరు చెప్పింది. ఇంకొకరు అక్క పేరు. పేర్లన్నీ లోపల పెట్టి, గోడలు కూలదోసి, మళ్లీ ఒక్కొక్క రాయీ తీసి, "అమ్మ దొరికింది! తాత దొరికిండు!" అని బయటికి తెచ్చుకున్నారు. కొందరు ఏడ్చారు. ఏడుస్తూనే ఆడారు.

"నీ ఇంట్లో ఎవరున్నారు?" సుమన్ ఆమె వైపు రాయి చాపింది.

గంగమణి ఆ రాయి అందుకుంది. గాలి ఆగినట్టయింది. జొన్న చేలు కూడా వింటున్నట్టే ఉన్నాయి.

"స్వరూప" అంది.

మూడేళ్లలో మొదటిసారి ఆ పేరు ఆమె చెవులకు వినిపించింది. పిల్లలకు అందులో వింతేమీ లేదు. స్వరూపను కూడా లోపల పెట్టారు. గోడలు కూలాయి. అందరికంటే ముందు సుమనే రాళ్లు తీసి, లేని పిల్లను రెండు చేతుల్తో ఎత్తి, దుమ్ము దులిపి, గంగమణి ఒడిలో పెట్టింది. "జాగ్రత్త, మెడ పట్టుకో" అంది పెద్దదానిలా. గంగమణి మెడ పట్టుకుంది. వెక్కి వెక్కి ఏడ్చింది. పానం కొట్టుకుంది, నిజమే. కొట్టుకుంటే చావలేదు. బతికినట్టయింది.

ఇదంతా షెడ్డు గుమ్మంలోంచి లిదియా చూసింది. లిదియా జక్రాన్‌పల్లి బాల్వాడీ టీచరు, ఆర్మూరు వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లలో ఇంకొకతె. సాయంత్రం వచ్చి పక్కన కూర్చుంది.

"గంగక్కా, అందరు పోతరు. నేను ఉందామనుకుంటున్న. నాకు గీళ్ల భాష రాదు, నీకొస్తది. నువ్వుంటే పిల్లలు నిలవడుతరు."

"నేను వంటకచ్చినదాన్ని లిదియా."

"ఎవరన్నరు?"

ఎవరన్నారో గంగమణికి తెలుసు.

ఆఖరి రోజు సాయంత్రం వీడ్కోలు సభ జరిగింది. కేరళ పిల్లలు పాడారు, ఊరి ముసలివాళ్లు తమ మరాఠీ భజన అభంగం అందుకున్నారు. భూమేశ్వర్ మైకు పట్టుకున్నాడు. "ఆపతిల ఉన్న పిల్లలను ఇడిచిపెట్టి పోయేటోడు మనిషి కాదు. మనమంత ఒక్కటే ఇల్లు" అన్నాడు. అంటుంటే అతని గొంతు వణికింది. అది నటన కాదు. గరిటె ఆపి చూసిన గంగమణికి ఆ వణుకు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది. ఆ పేరు అతని గొంతులోనూ అన్నాళ్లుగా ఇరుక్కునే ఉంది. జాలి కలిగింది. కానీ ఆ జాలి ఆమెను లారీ ఎక్కించలేదు.

పొద్దున్నే లారీ సిద్ధమైంది. "ఎక్కు" అన్నాడు భూమేశ్వర్.

"నేను ఈడనే ఉంట. లిదియాతోని."

ఏదో సామాను మరచిపోయిందనుకున్నాడు ముందు. తర్వాత ఆమె ముఖం చూశాడు. "పిస్సగిట్ల లేసిందా? ఆడ అమ్మ ఒక్కతే ఉన్నది. మక్కజొన్న కోతకచ్చింది. కూలోళ్లకు బువ్వెవరు వండుతరు?"

ఆ ప్రశ్న ఇంతకుముందు విన్నదే. అప్పుడు లేచి వెళ్లి వండింది. ఇప్పుడు నిలబడిన చోటే నిలబడింది. ఇది కల కాదు. కాళ్ల కింద రేగడి గట్టిగా తగులుతోంది.

"మన స్వరూప ఉంటే గా సుమన్ కంటె చిన్నగ ఉంటుండె" అంది.

భూమేశ్వర్ లారీ తలుపు పట్టుకుని నేల చూపులు చూశాడు. "ఎన్నొద్దులు ఉంటవ్?" అన్నాడు.

"ఎరుక లేదు. ఆపతిల ఉన్న పిల్లలను ఇడిచిపెట్టి పోవద్దని నువ్వే అంటివి గద."

"అది మందికి చెప్పిన మాటనే!"

"నేను సుత మందిలనే ఉంటి" అంది గంగమణి.