జెండాకు తగ్గ ఛత్రి

ఆకాశంలోంచి దిగిన ఆ జెండా లంగా బట్టది. ఈ మాట అప్పట్లో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబితే నష్టమేమీ లేదు. మాది సిరిసిల్ల. మా ఆయన హన్మండ్లుకు నాలుగు సాంచెలు ఉన్నాయి, అంటే మరమగ్గాలు. ఆయన నేస్తాడు, నేను కుడతాను. ఎన్నికలొస్తే అన్ని పార్టీల జెండాలూ మా ఇంట్లోనే పుడతాయి. ఎన్నికలు లేనప్పుడు ఆ సాంచెలే చీరల కింద కట్టుకునే లంగాల బట్ట నేస్తాయి.

రెండువేల పదకొండులో సకల జనుల సమ్మె జరిగినన్నాళ్లూ బొగ్గు లేక కరెంటు సరిగా రాలేదు, కరెంటు రాక సాంచెలు ఆడలేదు. అమ్ముడుపోని తెల్లబట్ట తాన్లు గోడవారగా పడి ఉన్నాయి. మా అత్త దుర్గవ్వ వాటివైపు చూసింది.

"ఊకనే కూసునుడు దేనికి జమునా? జెండ కుట్టు. పెద్దది కుట్టు," అంది.

ఎంత పెద్దది అని అడిగితే ముందు వాకిలి చూపించింది. అది చాలదనుకుందేమో, వీధి కూడా చూపించింది. దేనికీ కొలత చెప్పే మనిషి కాదు ఆమె.

నలభై అడుగుల పొడవు, ముప్ఫై అడుగుల వెడల్పు వచ్చింది. ఏ రంగు వేసినా ఏదో ఒక పార్టీది అవుతుందని తెలుపే ఉంచాను. నడుమ ఆకుపచ్చ బట్టతో తెలంగాణ మ్యాప్ కత్తిరించి కుట్టాను. దానికే పదకొండు రోజులు పట్టింది. గోదావరిని నీలం దారంతో వంపు వంపుకూ తీర్చాను. నా చేతిమీదుగా అంత మంచి పని అంతకుముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

చుట్టూ నాలుగడుగుల పట్టీ ఖాళీగా వదిలాను. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల దీక్షా శిబిరాలు మూడింటికీ జెండాను తిప్పాం. వచ్చినవాళ్లు ఆ పట్టీ మీద పెన్నుతో పేర్లు రాశారు. రాసిన ప్రతి పేరు మీదా నేను దారం నడిపాను, పార్టీ జెండాలు కుట్టగా మిగిలిన దారాలతో. అలా అన్ని పార్టీలూ ఒక్కచోట సర్దుకున్నాయి. ఉర్దూ నాకు రాదు. కోరుట్ల హఫీజా బేగం రాసిన పేరును ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు కుట్టాను. మొత్తం పదకొండు వందల పద్నాలుగు. చివరిది పేరు కాదు. మా అత్తకు రాయడం రాదు కాబట్టి బొటనవేలి ముద్ర వేసింది. ఆ గీతల మధ్య సూది పట్టదు. రెండు రోజులు కూర్చుని, కళ్ల నీళ్లు కార్చుకుంటూ, ఆమెను మనసులో తిట్టుకుంటూ ఎర్రదారంతో ఆ ముద్ర కుట్టాను.

హఫీజా బేగం కొడుకు ఖాలిద్ మాకు కోరుట్ల శిబిరంలోనే పరిచయమయ్యాడు. మిలిట్రీలో పదిహేనేళ్లు విమానాల్లోంచి దూకి, పెన్షన్ మీద ఇంటికొచ్చినవాడు. పరేడ్లప్పుడు జనం ముందు జెండాతో దిగేవాడట. ఆ మాట వినగానే మా అత్త అతని చెయ్యి పట్టుకుంది.

"కొడుకా, తెలంగాణ అచ్చిననాడు గీ జెండ వట్టుకొని దుంకుతవా?"

ఖాలిద్ నవ్వలేదు. "దుంకుత అవ్వా. మాటిస్తున్న."

"నా ఏలు నేల మీద వడొద్దు మల్ల."

"వడనియ్య."

రెండువేల పదమూడు వానాకాలంలో మా అత్త పోయింది. ఇంకో ఆరు నెలలు ఉంటే పార్లమెంటులో బిల్లు పాసవడం టీవీలో చూసేది. ఆ రోజు ఊరంతా వీధిలో ఎగిరింది. నేను ఇంట్లో కూర్చుని ఏడ్చాను.

జూన్ రెండున రాష్ట్రం వస్తుందన్నారు. జగిత్యాల కాలేజీ మైదానంలో ఆ సాయంత్రం పెద్ద సభ పెట్టారు. ఖాలిద్ అనుమతుల కోసం తిరగని ఆఫీసు లేదు. చివరికి కాగితం చేతికొచ్చింది, హైదరాబాద్ నుంచి చిన్న విమానం కుదిరింది. మే నెల నడుమ ఒక మధ్యాహ్నం అతను మూడు మూటలతో మా షెడ్డుకు వచ్చాడు.

"అక్కా, నీ జెండకు తగ్గ ఛత్రి సూడాలె," అన్నాడు. పారాచూట్‌ను అతను ఛత్రి అనే అంటాడు.

ఛత్రి అంటే ఛత్రియే కదా, అందులో చూసేదేముంది అనుకున్నాను. అతను ఎండ తగలకూడదని షెడ్డు తలుపులు మూయించి, సాంచెల నడుమ సందులో మొదటి మూట విప్పాడు. విప్పుతూనే ఉన్నాడు. పిడికెడంత కనిపించిన బట్ట నేలంతా పరుచుకుంది. పక్కపక్కనే గొట్టాల్లా కుట్టిన అరలు, ముందు నోళ్లు తెరిచి, వెనక మూసి ఉన్నాయి. ఆ నోళ్లలోంచి గాలి నిండి రెక్క అవుతుందట. అడుగున వందల అడుగుల తాళ్లు. ముప్ఫై ఏళ్లుగా కుట్టుపని చేస్తున్నదాన్ని, మోకాళ్ల మీద కూర్చుని ఆ కుట్లు చూశాను. ఒక్కటి వంకర లేదు. మనిషి ప్రాణాన్ని పట్టి ఉంచే కుట్టు ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. నేను లంగాలకు వేసే కుట్టు తల్చుకుని సిగ్గుపడ్డాను కూడా.

"గీ చిన్నది ఉర్కుడు ఛత్రి, జోరుగ వోతది. సోకుకు మంచిగనే ఉంటది," అన్నాడు ఖాలిద్. "కని కాలికి జెండ కడితే గది ఎన్కకు గుంజుతది, గిది బెదురుతది. వద్దు."

"మరి ఎసొంటిది గావాలె?"

"మొద్దుది గావాలె అక్కా. నెమ్మదిగ విచ్చుకోవాలె. జెండ ఓ దిక్కు గుంజినా సక్కగ పోవాలె. కరెంటు తీగలు, జనం ఉన్నకాడ మెల్లగ దిగాలె. నేను తప్పు జేసినా మాఫ్ చేసేటిదయి ఉండాలె."

రెండోది నడిపిది, అంటే మధ్యరకంది, కొత్తది. దుబాయిలో ఉన్న స్నేహితుడు పంపాడట. మంచిదే గానీ మా జెండాలో సగమే మోస్తుందన్నాడు. దూకడం నేర్పిన వాళ్ల ఉస్తాద్ చెప్పిన లెక్క అదట. మూడోది అన్నిటికంటే పెద్దది, రంగు వెలిసిన ఆకుపచ్చది. దాన్ని విప్పేటప్పుడు ఖాలిద్ చేతులు మెత్తబడ్డాయి.

"ముసల్ది. నాతోని నాలుగు వందల సార్లు దుంకింది. నీ జెండను మొత్తం మోసేది గిదొక్కటే. నేను గిదే అనుకుంటున్న."

నాకూ అదే నచ్చింది. మొత్తం జెండా అన్న మాట చాలు నాకు.

మా ఆయన అప్పటిదాకా సాంచె పక్కన కూర్చుని ఉన్నాడు. ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. లేచి వచ్చి కొత్త ఛత్రి బట్టను చేతిలోకి తీసుకుని నోటికి అదిమి ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి. బట్ట వెనక పెట్టిన అరచేతికి ఏమీ తగల్లేదు. తర్వాత ముసలి ఛత్రి దగ్గరికెళ్లి అలాగే ఊదాడు. ఇంకో చోట ఊదాడు. మూడోచోట నా చెయ్యి పట్టుకుని బట్ట వెనక పెట్టి ఊదాడు. నా అరచేతికి వెచ్చగా ఆయన ఊపిరి తగిలింది.

"పోతున్నది," అన్నాడు.

"ఏంది బావా?" అన్నాడు ఖాలిద్.

"గాలి. పోగులు జరిగినయ్. మడిచి మడిచి, గుంజి గుంజి బట్ట అలిసింది."

ఖాలిద్ తల దించుకున్నాడు. "ఎరికే బావా. దిగేటప్పుడు జెర గట్టిగ తాకుతది. నేను సూస్కుంట."

"ఉత్తగ దుంకినప్పుడా, జెండతోటా?"

నేను అడిగాను. "గట్టిగ తాకితే ఏమైతది తమ్మీ?"

"కాలు. లేకుంటే నడుము."

"లేకుంటే?"

"అవ్వకు మాటిచ్చిన అక్కా. సగం జెండకు మాటియ్యలే."

నిజం చెప్పాలి. ఆ క్షణాన నాకు ముసలి ఛత్రే కావాలనిపించింది. నాలుగు వందల సార్లు మోసినది ఇంకొక్కసారి మోయదా అనుకున్నాను. నా మ్యాప్, నా గోదావరి ఆకాశంలో విచ్చుకోవాలి, అంతే. ఆ ఆలోచన నాకు వచ్చినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

"అమ్మీకి చెప్పినవా?" అని అడిగాను.

"చెప్పిన. పెద్ద ఛత్రి ఉన్నది, ఫికర్ లేదన్న."

ముగ్గులా కుట్టిన హఫీజా బేగం పేరు కళ్లముందు కదిలింది. కొడుకు కాలు విరిగొస్తే ఆ జెండా వైపు ఆమె ఎలా చూస్తుంది? మేమెలా చూస్తాం?

"ముసల్దాన్ని ముడువు," అన్నాను. "కొత్తదాంతోనే దుంకు. జెండను నేను సగం చేస్త."

"ఏ సగం అక్కా?" అన్నాడు ఖాలిద్. గొంతులో కోపం లేదు, అందుకే ఆ మాట ఎక్కువ నొప్పించింది. "ఎవరి పేర్లు తీస్తవ్?"

నాకు తెలియదు. ఆలోచించుకుంటానని చెప్పి అతన్ని పంపించాను.

జెండాను షెడ్డులో పరిచి, వారం రోజులు దాని చుట్టూ తిరిగాను. ఒక వైపు తీసేస్తే సిరిసిల్ల పోతుంది. ఇంకో వైపు తీసేస్తే కోరుట్ల. కింది అంచు తీసేస్తే మా అత్తే పోతుంది. ఎక్కడ కత్తెర పెట్టబోయినా ఎవరో ఒకరి పేరు తగిలింది. బీడీలు చుట్టే దేవమ్మ, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి రాసిపోయిన ముత్తయ్య, రాసిన ఏడాదికే చనిపోయిన ఒక పిల్ల. ఎనిమిదో రోజు మధ్యాహ్నం అలసిపోయి జెండా నడుమ, మ్యాప్ మీదే చతికిలబడ్డాను. అక్కడ మాత్రం కత్తెరకు ఎవరూ అడ్డం రారని అప్పుడు తోచింది.

తోచినందుకు సంతోషపడలేదు. గోదావరి మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

"మ్యాప్ తీస్తే తెలంగాణ అని ఎట్ల ఎరుకైతది?" అన్నాడు మా ఆయన, కత్తెర చూసి.

"పేర్లున్నయ్ గద," అన్నాను.

ఆయన ఎదురుగా కూర్చుని బట్టను బిగుతుగా పట్టుకున్నాడు. నడుమ భాగమంతా, ఇరవై రెండడుగుల వెడల్పు, ముప్ఫై రెండడుగుల పొడవు, ఒకే ముక్కగా కత్తిరించి పక్కన పెట్టాను. చుట్టూ ఉన్న పేర్ల పట్టీని పేరుకూ పేరుకూ మధ్య సందు చూసి కోసి, ఐదు వరసలుగా కలిపి కుట్టాను. ఒక్క పేరు కూడా రెండు ముక్కలు కాలేదు. కొలిస్తే పాత జెండాలో సగానికి ఇంకా తక్కువే. మా అత్త ముద్రను అందరికంటే పైన, ఖాలిద్ కాలికి దగ్గరగా ఉండే అంచుకు తెచ్చాను. నేలకు దూరంగా ఉంటుందని.

జెండా మెలిపడకుండా కింది అంచుకు బరువుండాలన్నాడు ఖాలిద్. ఎవరి తలకు తగిలినా దెబ్బ కాకూడదట. మానేరు వాగు ఇసుక మెత్తటి సంచిలో పోసి కుట్టాను.

"నేల తాకకుంట వట్టుకునేతందుకు ఇరవై మందన్న గావాలె అక్కా."

"గా సంగతి నాకిడిసిపెట్టు," అన్నాను.

జూన్ రెండు సాయంత్రం జగిత్యాల మైదానంలో నిలబడ్డానికి చోటు లేదు. గోడల మీద, డాబాల మీద, చెట్ల మీద మనుషులే. నడుమ తాళ్లు కట్టి కొంత జాగా ఖాళీగా ఉంచారు. ఆ జాగాలో ఒక పక్కగా మేం ఇరవై నాలుగు మంది ఆడవాళ్లం నిలబడ్డాం. హఫీజా బేగం నా పక్కనే ఉంది. పెదాలు కదులుతున్నాయి, ఆమె ప్రార్థన చదువుకుంటోంది. నాలుగేళ్లుగా గొంతు తగ్గని జనం జై తెలంగాణ అని అరుస్తూనే ఉన్నారు.

విమానం చప్పుడు వినిపించింది. చాలా ఎత్తులో దానిలోంచి నల్లపూసంత చుక్క ఒకటి విడివడింది. అది పడుతూ ఉంది. ఎంతసేపు పడిందో నాకు తెలియదు. హఫీజా బేగం గోళ్లు నా మణికట్టులో దిగాయి. ఆ తర్వాత చుక్క మీద చిన్న నీలిరెక్క విచ్చుకుంది. పడుతున్న మనిషి గాలిలో నిలబడ్డాడు. అందరూ ఒక్కసారిగా కేక వేశారు.

అతను ఒక చుట్టు తిరిగి పడమర వైపు వచ్చాడు. కాలి దగ్గర సంచి తెరుచుకుంది. తెల్లబట్ట జారింది. ముందు తాడులా వేలాడి, ఇసుక బరువుకు సాగి, మెల్లగా, తొందరేమీ లేదన్నట్టు, పూర్తిగా విచ్చుకుంది. దాని వెనక సూర్యుడున్నాడు. వెలుతురు బట్టలోంచి వచ్చింది, దారం ఉన్నచోట మాత్రం ఆగిపోయింది. వరస వెనక వరసగా పేర్లన్నీ నల్లగా ఆకాశంలో నిలబడ్డాయి. అంత దూరం నుంచి ఒక్క అక్షరం తెలియదు. కానీ అవి పేర్లని అందరికీ తెలిసిపోయింది.

అరుపులు ఆగిపోయాయి. వేలమంది ఉన్న మైదానంలో బట్ట కొట్టుకునే చప్పుడు వినిపించింది. దాన్ని నేనే కుట్టానని నాకు నమ్మబుద్ధి కాలేదు. మనుషులు చేసిన పనిలాగే లేదు. ముప్ఫై ఏళ్ల కుట్టుపనిలో మొదటిసారి నా చేతులంటే నాకు భయమేసింది.

"ఇప్పండి," అన్నాను ఆడవాళ్లతో.

మడత విప్పాం. ఇరవై నాలుగు మందిమి నాలుగు వైపులా పట్టుకుని నడుము ఎత్తున బిగించాం. కత్తిరించి తీసిన నడుమ భాగం అది, నా మ్యాప్. ఆకుపచ్చ తెలంగాణ, నీలం గోదావరి, ఒక్క కుట్టు చెడలేదు. గాలికి పైకి లేవబోతుంటే బలంగా పట్టి ఉంచాం.

ఖాలిద్ మా తలల మీదుగా వచ్చాడు. ఇసుక సంచి ముందు దిగి మ్యాప్ నడుమ మెత్తగా పడింది. దాని వెంట ఒక్కో వరస, పేర్లు దిగాయి. దేవమ్మ దిగింది, ముత్తయ్య దిగాడు, ఆ పిల్ల దిగింది. బట్ట నిండేకొద్దీ మా చేతులకు బరువు పెరిగింది. జెండా తాడు వదిలేసి ఖాలిద్ ముందుకు సాగి, నాలుగడుగులు పరుగెత్తి, తన కాళ్ల మీద తాను నిలబడ్డాడు. హఫీజా బేగం అప్పుడు కళ్లు తెరిచింది.

జనం తాళ్లు దాటుకుని వచ్చారు. మ్యాప్ మీద వంగి ఎవరి పేరు వాళ్లు వెతుక్కుంటున్నారు. మా ఆయన మాత్రం నేల మీద పడి ఉన్న ఛత్రి దగ్గరికి వెళ్లి, దాన్ని ఒడిలోకి తీసుకుని, ఒక కొస నోటికి అదిమి ఊదాడు. తృప్తిగా తల ఊపాడు.

ఖాలిద్ ఒంటి మీది పట్టీలు విప్పుకోకుండానే నా దగ్గరికి వచ్చాడు.

"అవ్వ దిగిందా అక్కా?"

అన్నిటికంటే చివర పడిన పై అంచు తిప్పి చూశాను. ఎర్రదారపు ముద్ర మ్యాప్ మీద వెల్లకిలా ఉంది. దానికి మట్టి లేదు.

"దిగింది తమ్మీ," అన్నాను. "కాలు కింద వెట్టనియ్యలే."